ముందు సీటు

వంటింటి కుళాయి కారడం మానేసింది. ఎన్నాళ్ళుగానో టపటపమంటూ సింకులో పసుపుమచ్చ పెట్టిన కుళాయి అది. పొద్దున్నే టీకి నీళ్ళు పట్టబోతే కొత్తదానిలా బిగుసుకుని ఉంది. ఆమె గిన్నె అక్కడే పెట్టి హాల్లోకి వచ్చింది.

ఆమె భర్త కల్నల్ బనీనుతో నేలమీద కూర్చుని ఉన్నాడు. వంటింటి అలమార తలుపు ఊడదీసి ముందు పడుకోబెట్టుకున్నాడు. కీలుకి చుక్కచుక్కగా నూనె వేసి, గుడ్డముక్కతో తుడిచి, మళ్ళీ వేస్తున్నాడు. స్క్రూలన్నీ అంచు విరిగిన సాసర్లో ఉన్నాయి. పక్కన పనిముట్ల పెట్టె తెరిచి ఉంది.

"టీ ఇస్తావా?" అన్నాడు తలెత్తకుండా.

"కుళాయి ఎప్పుడు బాగుచేశారు?"

"ఇందాకే. వాషరు అరిగింది. చిన్నపని."

ఆమె గుమ్మం పట్టుకుంది. ఇస్త్రీపెట్టె తీగ మార్చిన వారంలోనే ఆయన బెటాలియన్ ఏరు దాటింది. కిటికీ గడియ బిగించిన మర్నాడు వంతెన మీదికి వెళ్ళింది. దాడికి ముందు ఆయన గట్టిగా మాట్లాడడు, సిగరెట్టు ముట్టడు, ఇంట్లో ఏది విరిగి ఉందా అని వెతుక్కుంటూ తిరుగుతాడు. ఆ సంగతి ఆయనకే తెలియదేమోనని ఆమె అనుమానం.

గోడకవతల రేడియో గొంతు పెంచి పెట్టారు. శుక్రవారం మధ్యాహ్నం నుంచి కాల్పులు ఆపుతున్నట్టు రెండు పక్షాలూ సంతకాలు చేశాయని నిన్నటినుంచి చెప్పిందే చెబుతున్నారు. పిల్లలెవరో పళ్ళేల మీద గరిటెలతో వాయిస్తున్నారు.

"యుద్ధం అయిపోయిందిగా," అంది ఆమె.

"అయిపోతుంది."

"అయిపోయిందా, అయిపోతుందా?"

ఆయన తలెత్తి చూశాడు. మళ్ళీ నూనె డబ్బా వంచాడు. "టీ," అన్నాడు.

వాకిట్లో డ్రైవరు బండి తుడుస్తున్నాడు. తలుపులు నాలుగూ బార్లా తెరిచి, ముందు సీటుని తడిగుడ్డతో రుద్దుతున్నాడు. ఆమె గ్లాసు తెచ్చి ఇస్తే రెండు చేతులతో అందుకున్నాడు.

"శుక్రవారం దాటగానే ఈ బండిని పెళ్ళివాళ్ళకి తిప్పుతానమ్మగారూ. పాపం, ఎన్నాళ్ళని ఏడుపులు మోస్తుంది? దీనికీ ఒక మంచి రోజు చూపించాలి."

"నీకు ముందు పిల్లనెవరిస్తారో చూసుకో."

"ఈ బండి నడిపేవాడికి ఎవరిస్తారమ్మా? సంబంధానికి వెళ్తే వాళ్ళు తలుపేసుకుంటారు." నవ్వి, టీ ఊదుకుని, గొంతు తగ్గించాడు. "సుబేదారుగారి సెలవు రద్దు చేశారు, తెలుసా? ఇవాళ ఇంటికి రావలసిన మనిషి. శుక్రవారం దాకా కదలొద్దన్నారట. లారీలు కూడా ఏవో సర్దుతున్నారు. పెళ్ళయిపోయాక ముహూర్తం వెతికినట్టుంది వ్యవహారం."

ఆమె ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వచ్చింది. కాసేపు కుళాయి తిప్పింది, కట్టింది. చుక్క కూడా కారలేదు.

మధ్యాహ్నం ఆయన భోజనానికి కూర్చున్నాక ఆమె ఎదురుగా కూర్చుంది. కూర వడ్డించింది. ఆయన కలపకుండా పళ్ళెం వైపు చూస్తున్నాడు.

"బోడిగుండా?" అంది.

అది ఎదురుగా ఉన్న కొండల్లో అన్నిటికంటే ముందు నిలబడిన కొండ. ఒక్క చెట్టు లేదు. అందుకే జవాన్లు ఆ పేరు పెట్టారు. చలికాలంలో దానిమీదికి ఒకసారి వెళ్ళి, దిగి వచ్చేశారు. వెళ్ళినవాళ్ళందరూ దిగలేదు.

"నీకెవరు చెప్పారు?"

"మీ అలమార చెప్పింది."

ఆయనకి అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పాలని ఆమెకీ అనిపించలేదు.

"శుక్రవారం మధ్యాహ్నం ఎవరెక్కడ నిలబడి ఉంటే గీత అక్కడ పడుతుంది," అన్నాడు చివరికి. "ఆ కొండమీద కూర్చున్నవాడికి మన రోడ్డుమీద పోయే మేక కూడా కనిపిస్తుంది. రేపు మళ్ళీ మొదలైతే?"

"పైనుంచి ఆర్డరా?"

"బ్రిగేడియర్ ఫోన్ చేశాడు. మనదైతే బావుంటుంది అన్నాడు. ఆర్డరంటూ లేదు."

"దొరికితే ఆయనది, పోతే మీది."

"సైన్యంలో అంతే."

"సైన్యంలోనేంటి, మా పుట్టింట్లోనూ అంతే."

ఆయన నవ్వబోయి మానేశాడు. ముద్ద కలిపి పళ్ళెంలోనే ఉంచేశాడు. "గురువారం తెల్లారగట్ల. సుబేదారు తనే ముందు నడుస్తానన్నాడు. నేనడగలేదు. వాడి బావమరిది అక్కడే పోయాడు కదా. అంతమందిని పోగొట్టుకుని, ఆఖరికి వదిలేశాం అంటే... ఆ కుర్రాడి అక్కకి నేను ఏ మొహం చూపించను?"

"ఇప్పటిదాకా ఏ మొహం చూపించారు?"

కంచం పక్కన ఆయన చెయ్యి ఆగింది.

"ఆ ఇంటికి వెళ్ళింది నేను," అంది ఆమె. గొంతు పెంచలేదు. నీళ్ళగ్లాసు ఆయన వైపు జరిపింది. "ఆ వీధిలో ప్రతి ఇంటికీ నేనే వెళ్ళాను. మీరెప్పుడూ రాలేదు."

"కమాండరు వెళ్ళకూడదు. వెళ్తే మర్నాడు ఎవర్నీ పంపలేడు."

"అందుకే రమ్మంటున్నాను. అయ్యాక నేనెలాగూ వెళ్ళేదే. ఈసారి మీరు ముందే రండి. ఆ అమ్మాయి కోసమే అంటున్నారుగా, ఆ అమ్మాయినే చూడండి."

ఆయన లేచి చెయ్యి కడుక్కున్నాడు. తువ్వాలు చాలాసేపు మడతపెట్టాడు. కిటికీ దగ్గరికి వెళ్ళి గడియ ఒకసారి లాగి చూసి, వదిలేశాడు.

"సరే పద. అరగంటలో వచ్చెయ్యాలి."

"నడిచి వెళ్దాం. దగ్గరే."

"ఎండలో నడకెందుకు? బండి ఉందిగా."

ఆమె ఇంకొకసారి చెప్పి ఉండవచ్చు. బజారుకైనా, ఎవరింటికి పేరంటానికైనా తను ఆ బండి ఎక్కదని, ఎందుకెక్కదో కూడా చెప్పి ఉండవచ్చు. నోటిదాకా వచ్చింది. మింగేసింది. ఎత్తు మడమలు లేని చెప్పులు వేసుకుంది. మేకుకి వేలాడుతున్న చేతిసంచి వైపు చెయ్యి వెళ్ళి వెనక్కి వచ్చింది. ఆ వీధికి బండిలో వెళ్ళేటప్పుడు ఆమె సంచి తీసుకెళ్ళదు. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. ఒకటి మనిషిని పట్టుకోవడానికి. రెండోది స్టవ్ కట్టేయడానికి. మొదటిసారి చావు కబురు చెప్పినప్పుడు తెలియక వదిలేస్తే, ఆ ఇంట్లో పాలు పొంగి మాడి గది నిండా పొగ కమ్ముకుంది. అప్పటినుంచీ లోపలికి వెళ్ళగానే ఆమె కళ్ళు వంటింటి వైపు పోతాయి.

కల్నల్ వెనక సీటులో కూర్చున్నాడు. ఆమె అలవాటు ప్రకారం ముందు, డ్రైవరు పక్కన కూర్చుంది. డ్రైవరు ఆమె ఖాళీ చేతులు చూసి, తాళంచెవి తిప్పకుండా ఆగిపోయాడు.

"ఎవరింటికమ్మా?" అన్నాడు మెల్లిగా.

"ఊరికే వెళ్తున్నాం. సుబేదారుగారింటికి."

అతను నమ్మలేదని తెలుస్తూనే ఉంది.

వీధి మొదట్లో పాట వినిపించింది. బండి మలుపు తిరగగానే ఆగిపోయింది. ఎవరో రేడియో కట్టేశారు. మెట్టుమీద కూతురికి తల దువ్వుతున్న మనిషి దువ్వెన జుట్టులోనే ఉంచేసింది. ఆరేసిన బట్టలు తీస్తున్న ఇంకొకామె క్లిప్పు నోట్లో పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఎవరూ బండిని చూడటంలేదు. అందరూ ముందు సీటులో ఎవరున్నారా అని చూస్తున్నారు. చూశాక కళ్ళు దించుకుంటున్నారు.

"ఏమైంది వీళ్ళకి?" అన్నాడు కల్నల్ వెనకనుంచి. "ఇప్పుడే కదా పాట వస్తోంది?"

డ్రైవరు అద్దంలో చూసి, "బండిని చూశారు సార్," అన్నాడు.

"చూస్తే?"

ఆయన అద్దం దించి తల బయటపెట్టాడు. బండి దాటి వచ్చిన ప్రతి ఇంటి దగ్గరా ఎవరో ఒకరు మెట్టుమీద కూలబడుతున్నారు. ఒకామె కొంగుతో నోరు నొక్కుకుంది. ఊరట కూడా మనిషిని నిలబడనివ్వదు. బండి ఇంకా రాని ఇళ్ళ ముందున్నవాళ్ళు మాత్రం రాయిలా నిలబడి ఉన్నారు. ఆ పక్కనుంచి ఎవరో ఆమెను చూసి, ఇంకొకరితో పెదాలు కదిపారు. ఆ మాట వినిపించకపోయినా ఆమెకి తెలుసు. వీధిలో తనకి పెట్టుకున్న పేరు టెలిగ్రాం.

కల్నల్ తల లోపలికి తీసుకున్నాడు. అద్దం ఎత్తలేదు.

సుబేదారు ఇంటి కిటికీ పక్కనే కుట్టుమిషను. అతని భార్య ఏదో నల్లటి గుడ్డ కుడుతోంది. బండి ఆగిన చప్పుడుకి ఆమె పాదం ఆగింది. చక్రం మాత్రం ఇంకో చుట్టు తిరిగింది. ఆమె లేచింది. గుమ్మం వైపు రాలేదు. వంటింట్లోకి వెళ్ళింది. స్టవ్ కట్టేసిన చప్పుడు వినిపించింది. తర్వాత చేతులు తుడుచుకుంటూ వచ్చి, కుర్చీ మీద ఉన్న బట్టలు తీసి పక్కన పెట్టి, గోడకి ఆనుకుని నిలబడింది.

"ఎక్కడ?" అంది.

కల్నల్ భార్య వంటింటి వైపు చూసింది. తను చేయవలసిన పని ఆ పిల్ల తనే చేసుకుని వచ్చింది. చలికాలంలో తమ్ముడి కబురు తెచ్చినప్పుడు నేర్చుకుంది కాబోలు. నేర్పింది తనే.

"ఏం కాలేదు," అంది గబగబా. "ఆయన బాగున్నారు. ఊరికే వచ్చాం."

"ఎక్కడ జరిగింది అమ్మగారూ?"

"జరగలేదమ్మా. నా మాట విను."

ఆ అమ్మాయి చూపు ఆమె ఖాళీ చేతుల మీదే ఉంది. వెనక నిలబడ్డ కల్నల్ ముందుకి వచ్చాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. టోపీ తీయడం చూసి ఆ అమ్మాయి కళ్ళు మూసుకుంది. ఆయన మళ్ళీ పెట్టేసుకున్నాడు.

"సుబేదారు బాగున్నాడమ్మా. పొద్దున నేనే మాట్లాడాను. టీ తాగుతున్నాడు. చక్కెర తక్కువైందని వంటవాణ్ణి తిడుతున్నాడు."

చక్కెర మాటకి ఆమె కళ్ళు తెరిచింది. ఆ తిట్టు తెలిసినదే అయి ఉండాలి. కల్నల్ భార్య పట్టుకునేలోపు మిషను బల్లమీద చెయ్యి వేసి తనే నిలదొక్కుకుంది.

"మరి మీరెందుకొచ్చారు సార్?"

ఆయన మిషను మీదున్న నల్లటి గుడ్డ వైపు చూశాడు.

"మీరు ఊరికే రారు," అంది ఆ అమ్మాయి. కోపంగా కాదు, ఉన్నమాట చెప్పినట్టు. "మా తమ్ముడు పోయినప్పుడూ రాలేదు."

ఇంటికొచ్చినవాళ్ళకి ఏదో ఒకటి ఇవ్వాలి కదా అన్నట్టు ఆమె వంటింట్లోకి నడిచింది. అగ్గిపుల్ల గీసింది. విరిగింది. ఇంకొకటి గీసింది. అది వెలగకుండానే జారిపోయింది. కల్నల్ వెళ్ళి ఆమె చేతిలోంచి అగ్గిపెట్టె తీసుకున్నాడు. వంగి, పుల్ల గీసి, అరచెయ్యి అడ్డం పెట్టి స్టవ్ వెలిగించాడు. మంట నీలంగా స్థిరపడేదాకా అక్కడే నిలబడ్డాడు. గిన్నెలో సగం ఉడికిన బంగాళాదుంపలు మళ్ళీ కదలడం మొదలుపెట్టాయి.

"ఏం కుడుతున్నావు?" అని కల్నల్ భార్య అడిగింది, ఏదో ఒకటి అడగాలని.

"ఆయన ప్యాంటు అమ్మగారూ. మామూలు బట్టలు వేసుకుని ఎన్నాళ్ళయిందో. నడుం విప్పి పెద్దది చేస్తున్నా. అక్కడ తిండి లేదు తిండి లేదు అని రాస్తాడు, పొట్ట మాత్రం ఎలా వచ్చిందో అర్థం కాదు." నవ్వబోయింది, కన్నీళ్ళొచ్చాయి, మోచేత్తో తుడుచుకుంది. "శుక్రవారం వస్తానన్నాడు. అందుకని."

కల్నల్ ఆమె కాచి ఇచ్చిన టీగ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. తాగడం లేదు. "నీ తమ్ముడు," అన్నాడు. ఆగాడు. "ఆ కొండమీద... ఆ కొండ గురించి ఎప్పుడైనా అనుకుంటావా అమ్మా?"

ఆమె ఆయన వైపు వింతగా చూసింది.

"కొండ గురించి ఏమనుకుంటాను సార్? వాణ్ణి కిందికి దింపుకొచ్చారుగా. మీవాళ్ళే మోసుకొచ్చారు, మా ఆయన ఒక పక్క పట్టుకున్నాడట. ఇంక పైన మాదేముంది?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు.

తిరుగుదారిలో వీధి మళ్ళీ మామూలుగా ఉంది, మామూలుగా కనిపించడానికి అందరూ కష్టపడుతున్నట్టు. ఆమె ముందు సీటులో కూర్చుని తన చేతుల్నే చూసుకుంటోంది. ఆ పిల్లని అంత భయపెట్టే హక్కు తనకి ఎవరిచ్చారు? నడిచి వెళ్ళి ఉండవచ్చు. సంచి పట్టుకుని వెళ్ళి ఉండవచ్చు. ఆయన చూడాలని వెళ్ళింది. చూశాడు. దానికి ఖర్చు ఆ పిల్ల పెట్టుకుంది.

బండి ఇంటిముందు ఆగగానే కల్నల్ దిగి, లోపలికి రాకుండానే ఆఫీసుకి నడిచి వెళ్ళిపోయాడు. బండి వద్దన్నాడు. అలమార తలుపు నేలమీద అలాగే ఉంది. ఆ సాయంత్రం ఆమె దాన్ని దాటుకుంటూ తిరిగింది. మర్నాడు కూడా. ఆయన ఇంటికి రాలేదు, కబురూ లేదు. ఆమె ఉతికిన దుప్పట్లే మళ్ళీ ఉతికింది. కూరలో ఉప్పు వేశానా అని రెండుసార్లు రుచి చూసి, మూడోసారి వేసేసింది. తినే మనిషి ఎలాగూ లేడు.

గురువారం తెల్లవారుతూనే వంటింట్లోకి వచ్చి అలమార ముందు నిలబడింది. కొండల్లో ఫిరంగులు పేలితే ఇక్కడికి చప్పుడు సరిగా రాదు. అలమారలోని గాజుసీసాలు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతాయి. తలుపు లేని అలమారలో పంచదార సీసా, పప్పుల సీసా, ఖాళీ సీసాలు వరసగా కనిపిస్తున్నాయి. ఆమె రెండు సీసాల్ని ఇంకాస్త దగ్గరికి జరిపింది. నిలబడింది. కిటికీ తెల్లబడింది. పక్కింట్లో ఎవరో దగ్గారు. పాలవాడి సైకిలు గంట మోగింది. ఎండ వచ్చి సీసాల మీద పడేదాకా చూసింది. మోగలేదు.

మధ్యాహ్నం డ్రైవరు వచ్చాడు. ఈసారి జోకులు లేవు.

"బోడిగుండు మీద వాళ్ళ జెండా లేచిందమ్మగారూ. మనవాళ్ళు కింద కూర్చుని చూశారట. లారీలెక్కాక సారే దిగమన్నారట." నేలవైపు చూశాడు. "కుర్రాళ్ళు తిట్టుకుంటున్నారు. ఆఖరి రోజుల్లో పెద్దాయన చేతులు ముడుచుకున్నాడని. బ్రిగేడియర్ ఫోన్లో అరుస్తుంటే బయటికి వినిపించిందట."

"నువ్వేమంటావు?"

అతను వాకిట్లో ఉన్న బండి వైపు చూశాడు. "నేను బండి నడిపేవాణ్ణమ్మా. ఇవాళ బండి తియ్యలేదు."

శుక్రవారం మధ్యాహ్నం సైరను కూసింది. జనం వీధుల్లోకి వచ్చారు. కల్నల్ ఇంటికి వచ్చి, బూట్లు విప్పి, కాళ్ళు బల్లమీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఎండ తగ్గాక వాకిట్లో అడుగుల చప్పుడైంది. సుబేదారు. మామూలు బట్టల్లో మనిషి పొట్టిగా కనిపించాడు. నల్ల ప్యాంటు నడుం దగ్గర పాత కుట్టు విప్పిన గీత తెల్లగా ఉంది.

"లోపలికి రా," అన్నాడు కల్నల్.

"ఇక్కడ బాగానే ఉంది సార్."

ఆమె టీ తెచ్చింది. తీసుకోలేదు. "వద్దమ్మగారూ," అన్నాడు మర్యాదగానే.

"మాకు దొరికేది సార్," అన్నాడు కల్నల్‌తో. "వాళ్ళక్కడ పదిమంది కూడా లేరు. ఎక్కేవాళ్ళం."

"ఎక్కేవాళ్ళు. తెలుసు."

"మరి?"

"ఎంతమంది దిగేవాళ్ళు?"

"అది లెక్కేసుకుంటే మనం అసలు బయల్దేరేవాళ్ళమే కాదు సార్. మీరే నేర్పారు." అతను ఒక అడుగు ముందుకి వేశాడు. "మా కుర్రాళ్ళు అడుగుతున్నారు. వాళ్ళకేం చెప్పమంటారు? పైనుంచి ఆపారని చెప్పనా?"

ఆమె భర్త మొహం చూసింది. ఆ మాట పట్టుకుంటే సరిపోతుంది. సుబేదారు అది ఆయన చేతికి అందిస్తున్నాడు కూడా.

"కాదు," అన్నాడు కల్నల్. "పైవాళ్ళు కాదు. నేను ఆపాను. అలాగే చెప్పు."

సుబేదారు తల ఊపాడు. సెల్యూట్ చెయ్యలేదు. గేటు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, "మా ఇంటికొచ్చారట," అన్నాడు. గేటు మూసి వెళ్ళిపోయాడు.

మరో మూడునాలుగు రోజులు గడిచాయి. ఆమె పెరట్లో దుప్పటి మడతపెట్టి లోపలికి వస్తుంటే వంటింట్లో ఇనుప చప్పుడు వినిపించింది. పనిముట్ల పెట్టె తెరిచి ఉంది. కల్నల్ అలమార తలుపు ఎత్తి భుజంతో నిలబెట్టి, నోట్లో స్క్రూ పెట్టుకుని, కీలు రంధ్రం వెతుకుతున్నాడు. దుప్పటి ఆమె చేతుల్లోంచి జారింది.

"ఇప్పుడెక్కడ?" అంది.

అన్నాక, ఆ ఒక్క మాట ఎవరి నోట విన్నదో ఆమెకి గుర్తొచ్చింది.

ఆయన స్క్రూ నోట్లోంచి తీశాడు. "ఎక్కడా లేదు. ఇల్లు అప్పగించాలి. కొత్త కమాండరు వచ్చే సోమవారం చేరతాడు." బిగిస్తూ చెప్పాడు. "మనకి వెనకెక్కడో స్టోర్ల ఆఫీసు. దుప్పట్లు, బూట్లు ఇచ్చే చోటు. వచ్చేవాళ్ళు అలమారకి తలుపు లేదని మనల్ని తిట్టుకోకూడదు కదా. ఆ సాసరు ఇలా ఇవ్వు."

ఆమె సాసరు పట్టుకుని పక్కన నిలబడింది. ఒక్కొక్క స్క్రూ అందించింది. తలుపు కుదిరింది. ఆయన రెండుసార్లు తెరిచి మూశాడు.

"నువ్వు ఆ రోజు కావాలనే బండి ఎక్కించావు," అన్నాడు.

"ఒకసారి నడుద్దామన్నాను."

"రెండోసారి అనలేదు."

"అనలేదు," అంది ఆమె.

సామాను లారీ ముందే వెళ్ళిపోయింది. బయల్దేరేటప్పుడు డ్రైవరు అలవాటుకొద్దీ ఆమె కోసం ముందు తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఆమె చేతిసంచి భుజానికి తగిలించుకుని వస్తోంది. కల్నల్ ఆమెను దాటి వచ్చి ఆ సీటులో కూర్చున్నాడు. డ్రైవరు ఒక్క క్షణం తెల్లబోయి, వెనక తలుపు తెరిచాడు.

"ఏ దారిన వెళ్దాం సార్? బయటినుంచి కూడా వెళ్ళొచ్చు."

"వీధిలోంచే పోనీ."

మలుపు దగ్గర పాట వస్తోంది. బండిని చూసి తలలు ఇటు తిరిగాయి. అందరి కళ్ళూ ముందు సీటు మీద పడ్డాయి. అక్కడ మామూలు చొక్కాలో కల్నల్ ఉన్నాడు. ఆయన మొహం పక్కకి తిప్పుకోలేదు. వెనక ఆమె ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చుంది. దాన్ని ఇంకాస్త పైకి, కిటికీలోంచి కనిపించేలా జరుపుకుంది. పాట ఒక్క చోట తడబడినట్టనిపించింది. ఆగలేదు.

సుబేదారు ఇంటిముందు సైకిలు రోడ్డుకి అడ్డంగా పడుకోబెట్టి ఉంది. అతను దాని గొలుసు బిగిస్తున్నాడు. బండిని చూసి, నల్లటి చేతులు ప్యాంటుకి తుడుచుకుని లేచాడు. చెయ్యి ఎత్తలేదు. సైకిలుని మాత్రం రెండు చేతులా ఎత్తి గోడవారకి జరిపి, దారి వదిలి నిలబడ్డాడు.

అతని భార్య గరిటె పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చింది. ముందు సీటు చూసింది, వెనక సీటు చూసింది, సంచి చూసింది. లోపల గిన్నెలో ఏదో పొంగుతోంది కాబోలు, గబుక్కున అటు తిరిగింది. బండి దాటిపోతుంటే కల్నల్ భార్య చెవులు రిక్కించింది. స్టవ్ కట్టేసిన చప్పుడు రాలేదు. మూత తీసి పక్కన పెట్టిన చప్పుడు వచ్చింది. కిటికీలోంచి ఆవిరి బయటికి వచ్చింది.